చిన్న అల్యూమినియం పడవకు చేపల వేట బల్ల: ఎత్తు తగ్గించండి, బరువు తగ్గించండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి, మొక్కజొన్న పండించే చిన్న రైతులు చాలామంది ఊరి చెరువులోనో, సొంత గుంటలోనో చేపలు కూడా పెంచుతున్నారు. మడ్డువలస, తాటిపూడి వంటి జలాశయాల ఒడ్డున ఉన్న ఊళ్లలో పొలం పని లేని రోజుల్లో వేటకు వెళ్లే కుటుంబాలున్నాయి. ఒకప్పుడు ఈ పనికి తాటి దోనె సరిపోయేది. తర్వాత రేకు పడవలు, ఫైబర్ పడవలు వచ్చాయి. తేలికగా ఉంటుంది, తుప్పు పట్టదు, ఇద్దరు మోసుకుపోవచ్చు అని కొందరు చిన్న అల్యూమినియం పడవ కొంటున్నారు.

పడవ కొన్న కొద్ది రోజులకే ఒక ఇబ్బంది తెలుస్తుంది. లోపల నిలబడి విసురు వల వేయాలంటే కాలు సరిగా ఆనదు. అడుగుభాగం వంపుగా ఉంటుంది, అడ్డంగా రిబ్బులుంటాయి, తడి వల కాళ్లకు చుట్టుకుంటుంది. అందుకే పైన చదునుగా ఒక బల్ల వేసుకోవాలని చూస్తారు. దీన్నే డెక్ అంటున్నారు.

బల్ల వేసుకోవడం తప్పు కాదు. బాగా వేస్తే పని సులువవుతుంది, నడుం నొప్పి తగ్గుతుంది. అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. బల్ల వేస్తే పడవకు బలం వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బల్ల పడవకు బరువు తెస్తుంది, మనిషిని ఎత్తులో నిలబెడుతుంది. ఈ రెండూ పడవను బోల్తా కొట్టించేవే. కాబట్టి బల్ల ఎంత కిందికి ఉంటే అంత మంచిది, ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. కింద చెప్పినవన్నీ ఈ మాట చుట్టూనే ఉంటాయి.

ఈ సూచనలు చెరువులు, జలాశయాల్లో తిరిగే 10 నుంచి 14 అడుగుల పడవలకు మాత్రమే. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి వంటి తీరాల్లో కెరటం దాటి సముద్రంలోకి వెళ్లే పడవలకు ఇవి సరిపోవు.

పడవ ఎందుకు బోల్తా పడుతుంది?

మన తీరంలో పాతకాలపు తెప్పను చూసినవారికి ఈ విషయం తేలికగా అర్థమవుతుంది. తెప్ప అంటే దుంగలు పక్కపక్కన చేర్చి తాడుతో కట్టినది. దాని మీదికి ఎంత నీరు వచ్చినా దుంగల సందుల్లోంచి కిందికి పోతుంది. చెక్కే తేలుతుంది కాబట్టి మునగడమనేది లేదు. పడవ అలా కాదు. పడవ తేలేది లోపలి ఖాళీ వల్ల. ఆ ఖాళీలోకి నీరు చేరితే అల్యూమినియం రేకు రాయిలా కిందికి పోతుంది.

ప్రమాదం మూడు రకాలుగా వస్తుంది.

మొదటిది ఎత్తు. మనిషి కూర్చున్నప్పుడు బరువు కింద ఉంటుంది. నిలబడితే బరువు బొడ్డు దగ్గరికి వస్తుంది. ఆ నిలబడిన మనిషినే అడుగున్నర ఎత్తు బల్ల మీద పెడితే బరువంతా ఇంకా పైకి పోతుంది. గడ్డి ఎత్తుగా వేసిన బండి గట్టు దిగేటప్పుడు ఎలా ఒరుగుతుందో ఇదీ అంతే.

రెండోది పక్క బరువు. వల లాగేటప్పుడు, పెద్ద చేప పడినప్పుడు ఇద్దరూ తెలియకుండానే ఒకే పక్కకు వస్తారు. బల్ల పడవ అంచుల దాకా ఉంటే కాళ్లు కూడా అంచు దాకా పోతాయి.

మూడోది కనబడని నీరు. తడి వల నుంచి, తెడ్డు నుంచి, వాన నుంచి పడవలోకి నీరు చేరుతూనే ఉంటుంది. బల్ల లేనప్పుడు అది కంటికి కనబడుతుంది, డబ్బాతో తోడేస్తాం. బల్ల కింద చేరితే కనబడదు. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు పడవలో ఒక్క అంగుళం నీరు చేరినా దాదాపు 75 కేజీలుంటుంది. పడవ ఏ పక్కకు కాస్త ఒరిగితే ఆ 75 కేజీలూ ఆ పక్కకే పరుగెత్తుతాయి.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన మండలంలో ఒక చెరువు దగ్గర ఈ మూడూ ఒకేసారి జరిగాయి. ఒక రైతు పాత ఇంటి తలుపు చెక్కలు తెచ్చి పడవ పొడవునా, సరిగ్గా అంచుల ఎత్తుకు బల్ల కొట్టించాడు. చూడ్డానికి అరుగులా బాగుంది, నేను కూడా బాగుందనే అన్నాను. వారం తర్వాత అన్నదమ్ములిద్దరూ దాని మీద నిలబడి వల లాగుతుంటే పడవ తిరగబడింది. గుండె లోతు నీరు కాబట్టి బతికారు. అప్పటికీ తమ్ముడి కాళ్లకు వల చుట్టుకుని రెండుసార్లు మునిగాడు. అదే నాగావళిలోనో, జలాశయం మధ్యలోనో అయితే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. తర్వాత చెక్కలన్నీ విప్పి చూస్తే కింద నాలుగు వేళ్ల లోతు నీరుంది. ఆరోజు వాళ్లు తోడలేదు, తోడడానికి దారే లేదు.

ముందు పడవను చూసుకోండి

బల్ల కొలతల కంటే ముందు ఈ పరీక్షలు చేయండి.

1. పడవను ఒడ్డున ఎత్తు మీద పెట్టి లోపల కొంచెం నీరు పోయండి. బయటి వైపు ఎక్కడ చెమ్మ కనబడితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. కారే రివెట్లు, పగుళ్లు బల్ల వేయకముందే బాగుచేయించాలి. తర్వాత చేయాలంటే బల్లంతా విప్పాలి.

2. పడవను నడుం లోతు నీటిలో దించండి. మామూలుగా వెళ్లే మనుషులు, వల, ఇంజిన్, ఒకరోజు పట్టే చేపల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు అన్నీ ఎక్కించండి. నీటి నుంచి పడవ అంచు దాకా కనీసం ఒక జానెడు, అంటే 9 అంగుళాలు మిగలాలి. బల్ల లేకుండానే జానెడు మిగలకపోతే ఆ పడవకు బల్ల వేయకండి.

3. పడవ వెడల్పు 4 అడుగుల కంటే తక్కువైతే దాని మీద నిలబడి వేట చేయాలనే ఆలోచన మానుకోండి. కూర్చునే వీలు మెరుగుపరుచుకుంటే చాలు.

4. అడుగుభాగం చదునుగా ఉందా, వంపుగా ఉందా చూడండి. చదును పడవ నిలబడేవారికి నయం. వంపు పడవ త్వరగా ఒరుగుతుంది.

బల్ల ఎక్కడ వేయాలి, ఎంత వేయాలి?

పడవ పొడవునా బల్ల అక్కర్లేదు. వల విసరడానికి ఒక మనిషి నిలబడే చోటు ఉంటే చాలు. 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవు బల్ల సరిపోతుంది.

చాలామంది బల్లను పడవ ముక్కు దగ్గర వేస్తారు. ముక్కు సన్నగా ఉన్న పడవలో అది అన్నిటికంటే కదిలే చోటు. పడవ బాగా వెడల్పుగా ఉండే చోటే నిలకడగా ఉంటుంది. అందుకని ముందు అడ్డపలకకు, మధ్య అడ్డపలకకు నడుమ బల్ల వేసుకోవడం మంచిది. ముందు భాగం కూడా నలుచదరంగా, వెడల్పుగా ఉన్న పడవైతే ముందువైపు వేసుకోవచ్చు.

ఎత్తు విషయంలో రాజీ పడకూడదు. అడుగుభాగంలోని రిబ్బులకు తగలకుండా పైన మూడు నాలుగు అంగుళాల్లో బల్ల ఉండాలి. నిలబడిన మనిషి మోకాలి కింద దాకా పడవ గోడ రావాలి. కాలు జారితే ఆ గోడే ఆపుతుంది. పడవ అంచుకు సమానంగా బల్ల ఎప్పుడూ వేయకండి.

బల్లకు, పక్క గోడలకు మధ్య వేలు పట్టేంత సందు వదలండి. నీరు పైన నిలవకుండా కిందికి దిగుతుంది. బల్లలో ఒక మూల తవ్వ పట్టేంత చతురస్రం కోసి మూత పెట్టుకోండి. ఆ మూత తీసి నీరు చూడాలి, తోడాలి. ఇది లేని బల్ల వేయించుకోకండి.

ఏ సామాను వాడాలి?

బరువు లెక్క చూస్తే నిర్ణయం తేలిక. 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవు బల్లకు పైపలక బరువు సుమారుగా ఇలా ఉంటుంది.

12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్: 8 నుంచి 9 కేజీలు.
3 మి.మీ. అల్యూమినియం రేకు: 9 కేజీలు.
3 మి.మీ. ఇనుప రేకు: 26 కేజీలు.

కింద వేసే ఫ్రేముకు ఒకటిన్నర అంగుళాల అల్యూమినియం యాంగిల్ వాడితే 5 మీటర్లకు 3 కేజీలవుతుంది. అదే కొలత ఇనుప యాంగిల్ అయితే 8 కేజీలు దాటుతుంది. అంటే ప్లైవుడ్, అల్యూమినియం కలిపి చేస్తే మొత్తం 12 కేజీలు. ఇనుముతో చేస్తే 35 కేజీలు. ఇదే ఇనుప బల్లను పడవ పొడవునా వేస్తే 100 కేజీలు దాటిపోతుంది. ఊళ్లో వెల్డింగ్ షాపువారు ఇనుముతో చేస్తామంటే ఒప్పుకోకండి.

ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 710 అనే అంకె, ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి. అదే నీటిలో తట్టుకునే మెరైన్ రకం. ఇంటి తలుపులకు, అలమరాలకు వాడే మామూలు ప్లైవుడ్ ఒక్క వానాకాలంలోనే పొరలు విడిపోతుంది. పైకి బాగానే కనబడుతూ లోపల కుళ్లిన పలక మీద మనిషి నిలబడితే కాలు దిగబడుతుంది.

అల్యూమినియం రేకు ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే ఏప్రిల్, మే ఎండలో దాని మీద వట్టికాళ్లతో నిలబడలేం, తడిస్తే జారుతుంది. ఎండలో పనిచేసేవారికి లేత రంగు వేసిన ప్లైవుడ్ మేలు.

తలుపు చెక్కలు, సర్వే కర్రలు, వెదురు తడకలు కొందరు వాడుతున్నారు. నీరు పీల్చుకున్న చెక్క బరువు బాగా పెరుగుతుంది. వేసిన రోజు తేలికగా ఉన్న బల్ల నెల తర్వాత అలా ఉండదు.

అల్యూమినియాన్ని తినేసేవి

అల్యూమినియం తుప్పు పట్టదన్న మాట సగమే నిజం. ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు కానీ తెల్లని పొడి రాలుతూ గుంటలు పడుతుంది, చివరికి చిల్లి పడుతుంది. దానికి కారణాలు ఎక్కువగా మన చేతుల్లోనే ఉన్నాయి.

ఇనుప బోల్టులు, మేకులు: రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకి ఉంటే వాటిలో ఒకటి అరుగుతుంది. ఇక్కడ అరిగేది అల్యూమినియమే. అల్యూమినియం రివెట్లు వాడండి. బోల్టు తప్పనిసరైతే స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు వేసి, రెండు వైపులా నైలాన్ వాషర్ పెట్టండి.

రాగి: రాగి తీగ ముక్క, ఇత్తడి మర, పది పైసల ఇత్తడి బిళ్ల లాంటిది పడవ అడుగున నీటిలో పడి ఉన్నా అక్కడ చిల్లి పడుతుంది. చెదలు పట్టకుండా రాగి మందు ఎక్కించిన ఆకుపచ్చ చెక్క కూడా అల్యూమినియానికి తగలకూడదు. రాగి కలిసిన పడవ రంగులు కూడా వద్దు.

సున్నం, ఎరువులు: ఇది చేపల చెరువు రైతులు ప్రత్యేకంగా గమనించాలి. చెరువులో సున్నం, సూపర్ ఫాస్ఫేట్, యూరియా, పేడ చల్లడానికి ఇదే పడవ వాడతాం. సున్నం తడిస్తే అల్యూమినియాన్ని నేరుగా తినేస్తుంది. బల్ల కింద పడిన సున్నం కనబడదు, అక్కడే ఉండిపోతుంది. సున్నం చల్లే రోజు బల్ల తీసి పక్కన పెట్టండి, కింద టార్పాలిన్ పరచండి. పని కాగానే పడవను మంచినీళ్లతో రెండుసార్లు కడగండి.

ఉప్పునీరు: నౌపడ వైపు ఉప్పుటేరుల్లో, నది మొగల దగ్గర తిప్పే పడవలు ఇంకా త్వరగా దెబ్బతింటాయి. ఒడ్డుకు రాగానే మంచినీటితో కడగడం రోజూ చేయాలి.

పని వరుస

1. పాత ఫ్లెక్సీ ముక్క గాని, అట్టపెట్టె గాని తీసుకుని బల్ల వేసే చోట పరిచి, పడవ ఆకారానికి సరిపడా కత్తిరించండి. ఆ ఆకారాన్నే ప్లైవుడ్ మీద గీసుకోవాలి. నేరుగా ప్లైవుడ్ కోస్తే సామాను వృథా అవుతుంది.

2. అల్యూమినియం యాంగిల్‌తో ఫ్రేము కట్టండి. పడవకు అడ్డంగా ప్రతి అడుగుకు ఒక యాంగిల్ ఉండాలి. అంతకంటే దూరమైతే మనిషి బరువుకు పలక ఊగుతుంది.

3. ఫ్రేమును పడవలో ఇప్పటికే ఉన్న అడ్డపలకలకు, రిబ్బులకు బిగించండి. పడవ అడుగుభాగానికి, నీటి గీత కింద ఉండే పక్క గోడలకు ఎట్టి పరిస్థితిలోనూ రంధ్రం పెట్టకండి. ఫ్రేము కాళ్లు రేకు మీద నేరుగా ఆనకుండా రబ్బరు ముక్క వేయండి. లేకపోతే ఒరిపిడికి రేకు అరుగుతుంది.

4. అడ్డపలకలు పడవకు పక్కగోడలు విచ్చుకోకుండా పట్టి ఉంచుతాయి. బల్లకు అడ్డమొస్తోందని అడ్డపలక కోసేయకండి. పడవ నడుం విరిచినట్టే.

5. వెల్డింగ్ అవసరమైతే పట్టణంలో ఆర్గాన్ వెల్డింగ్ చేసేవారి దగ్గరికే తీసుకెళ్లండి. పల్చటి అల్యూమినియానికి మామూలు కరెంటు వెల్డింగ్ పనికిరాదు, రేకు కాలి చిల్లి పడుతుంది. రివెట్లతో అయ్యే పనికి వెల్డింగ్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

6. ప్లైవుడ్ కోసిన అంచులకు, ప్రతి రంధ్రం లోపలికి ఎపాక్సీ గాని, మంచి పెయింటు గాని రెండు మూడు పూతలు పట్టించండి. ప్లైవుడ్ నీరు తాగేది అంచుల నుంచే. కింది వైపు కూడా రంగు వేయాలి.

7. పైన చివరి పూత తడిగా ఉండగానే జల్లించిన సన్న ఇసుక చల్లండి. ఆరాక కాలు జారదు. తివాచీ, గోనెపట్టా అతికించకండి. తడి పట్టి ఉంచి పలకను కుళ్లబెడతాయి.

8. పలకను నాలుగు మరలతో విప్పేలా బిగించండి. నెలకోసారి తీసి కడగడానికి, సున్నం చల్లే రోజు పక్కన పెట్టడానికి వీలుగా ఉంటుంది.

తేలే డబ్బాలు తప్పనిసరి

బల్ల వేసినా వేయకపోయినా అల్యూమినియం పడవలో గాలి డబ్బాలు ఉండాలి. పడవ నీటితో నిండినా అవి మునగనివ్వవు. మూత బిగుతుగా ఉన్న 20 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒక్కోటి సుమారు 19 కేజీలను తేలుస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. 80 కేజీల అల్యూమినియం పడవ నీట మునిగితే దాని బరువు 50 కేజీలుగా ఉంటుంది. ఇంజిన్‌కు 30, వల, సామానుకు 20, పడవ పట్టుకుని తేలే ఇద్దరికి 30 వేసుకుంటే మొత్తం 130 కేజీలు. దీనికి 7 డబ్బాలు సరిపోతాయి. అయితే రెండు పక్కలా సమానంగా ఉండాలి కాబట్టి పక్కకు నాలుగు చొప్పున 8 కట్టండి.

ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం. చాలామంది బల్ల కింద ఖాళీ ఉందని డబ్బాలన్నీ అక్కడే కూరుస్తారు. అది తప్పు. అట్టడుగున ఉన్న డబ్బాలు పైకి రావాలని తోస్తాయి, నీరు నిండిన పడవను తలకిందులు చేస్తాయి. డబ్బాలు పక్క గోడల వెంట, అంచుకు దగ్గరగా, రెండు వైపులా కట్టాలి. అప్పుడు పడవ నీటితో నిండినా నిటారుగానే తేలుతుంది, పట్టుకోవడానికి అంచు దొరుకుతుంది.

థర్మాకోల్ వాడేవారు దాన్ని మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి కట్టాలి. పెట్రోలు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. ఇంజిన్ పడవల్లో డబ్బాలే మంచివి.

నీటిలోకి వెళ్లేముందు మూడు పరీక్షలు

ఈ పరీక్షలు నడుం లోతు నీటిలో, ఒడ్డున ఒకరు తాడు పట్టుకుని ఉండగా చేయాలి. పడవలో వల ఉండకూడదు.

మొదటి పరీక్ష: పూర్తి బరువు ఎక్కించి అంచు నీటి మీద జానెడు ఉందో లేదో చూడండి.

రెండో పరీక్ష: ఒక మనిషిని బల్ల మీద ఒక పక్క చివర నిలబెట్టండి. ఒరిగిన వైపు అంచు నీటికి కనీసం బెత్తెడు, అంటే మూడు నాలుగు అంగుళాల పైన ఉండాలి. తర్వాత ఇద్దరూ ఒకే పక్కకు రండి. అప్పుడు కూడా అంచు మీదుగా నీరు లోపలికి రాకూడదు. వస్తే బల్ల ఎత్తు తగ్గించండి, లేదా వెడల్పు తగ్గించి మనిషి మధ్యలోనే నిలబడేలా చేయండి.

మూడో పరీక్ష: ఇంజిన్, బ్యాటరీ తీసేసి వాటి బరువుకు సరిపడా ఇనుప ముక్కలు కట్టి, పడవను నీటితో నింపండి. పడవ నిటారుగా తేలాలి, ఇద్దరు పట్టుకున్నా మునగకూడదు.

ఈ మూడింటికీ కలిపి ఒక పూట పడుతుంది. ఆ పూట వేట పోయినా పరవాలేదు.

వాడేటప్పుడు

బల్ల మీద ఒకసారికి ఒక్కరే నిలబడాలి. రెండోవారు మధ్యలో కింద కూర్చోవాలి. వల లాగేటప్పుడు బల్ల మీద మోకాళ్ల మీద కూర్చుని లాగండి. విసరడానికి నిలబడాలి గాని, లాగడానికి నిలబడనక్కర్లేదు.

ఇద్దరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి. ఈత వచ్చినవారికి కూడా వల చుట్టుకుంటే ఈత పనికిరాదు. నడుముకు ఒక చిన్న కత్తి ఉంచుకోండి, వల కోయడానికి.

పట్టిన చేపలు, తడి వల బల్ల మీద పోయకండి. కింద, పడవ మధ్యలో ఉంచండి. ప్రతి అరగంటకు మూత తీసి నీరు చూడండి.

వేసంగిలో మధ్యాహ్నం దాటాక ఒక్కసారిగా గాలివాన, ఉరుములు వస్తాయి. మబ్బు కమ్మగానే ఒడ్డుకు రండి. నిలువు నీటి మధ్య లోహపు పడవ మీద నిలబడిన మనిషి పిడుగుకు అందరికంటే ఎత్తుగా ఉంటాడు.

నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో పుట్టి వస్తున్నవి. ఇక్కడ వాన లేకపోయినా పైన పడిన వానకు నీరు దిగుతుంది. తోటపల్లి, గొట్టా బ్యారేజిల దగ్గర గేట్లు ఎత్తే హెచ్చరిక ఉన్నప్పుడు ఆ దిగువన పడవ దించకండి. అక్టోబరులో తుపానుల కాలం. 2018లో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ మన తీరాన్నే తాకాయి. హెచ్చరిక రాగానే బల్ల విప్పి ఇంట్లో పెట్టండి, పడవను గట్టు మీద బోర్లించి చెట్టుకు కట్టండి. గాలికి లేచిన తేలిక పడవ గోడలను కూడా పడగొడుతుంది.

నెలకోసారి

పలక విప్పి అడుగుభాగం కడగండి. తెల్లని పొడి ఎక్కడైనా రాలుతోందా చూడండి. వదులైన రివెట్లు మార్చండి. ప్లైవుడ్‌ను వేలితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే పొరలు విడిపోయినట్టే, మార్చేయాలి. డబ్బాల మూతలు, కట్టిన తాళ్లు చూసుకోండి. ఎండకు ప్లాస్టిక్ పెళుసైతే డబ్బా మార్చండి.

ఎవరిని అడగాలి?

ఊరి చెరువులో, జలాశయంలో వేటకు ముందు మత్స్యకారుల సహకార సంఘం, పంచాయతీ, మత్స్యశాఖల అనుమతులు ఎవరి దగ్గర తీసుకోవాలో తెలుసుకోండి. మీ రైతు సేవా కేంద్రంలోని గ్రామ మత్స్య సహాయకులు ఈ వివరాలు చెబుతారు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పడవలు, వలల సాయం ఉంటే అప్పుడే కొత్త పడవ సంగతి ఆలోచించవచ్చు. ఈ పథకంలో లబ్ధిదారుల పనులకు సాధారణంగా ఇతరులకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ ఉంటుంది. అదే పథకంలో మత్స్యకారులకు సామూహిక ప్రమాద బీమా ఉంది. మరణించినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా 5 లక్షల రూపాయలు వస్తాయి, ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి. మీ పేరు అందులో నమోదైందో లేదో బల్ల పని మొదలుపెట్టకముందే కనుక్కోండి.

సముద్రానికి వెళ్లే పడవకు మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ ఉంటుంది. అలాంటి పడవకు ఏ మార్పు చేయాలన్నా ముందు ఆ కార్యాలయంలో అడగాలి.

చివరగా ఒక సంగతి. మేస్త్రీ ఎంత బాగా చేశాడన్నది కంటే, నీటిలో దించి పరీక్షించారా లేదా అన్నదే ముఖ్యం. పరీక్షలో జానెడు మిగలని పడవ నుంచి బల్ల తీసేయండి. పలక డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.